అచ్చు ఆరేదాకా

కాగితం ఆరడానికి గంట పడుతది, ఆ గంటల నీకు వేరే పని లేదు బిడ్డా, గాలికి లేవకుండ చూడు, మేకలు రాకుండ చూడు, అంతే, అని చెప్పి వెంకటరాజం సారు తుమ్మచెట్టు నీడకు వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి. పొద్దున్నే దేవరకొండ నుంచి స్కూటర్ మీద వచ్చి, మోకాళ్ల మీద వంగి, పాత రాతలున్న రాయిని బ్రష్షుతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల లోతుల్లోకి దిగేదాకా దాన్ని కొట్టి కొట్టి, పైన అచ్చు కోసం మసి అద్ది, ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మనస్విని రాయి పక్కనే గట్టు మీద కూర్చుంది. వేరే పని లేదట. ఉంది సారూ. ఏడాదిన్నరగా ఒకటే పని ఉంది, ఈ గంటలోనే అది కావాలి, లేకపోతే ఇక కాదు, ఎందుకంటే మంగళవారం సారు పుస్తకం ప్రెస్సుకు పోతుంది, అందులో ఈ రాయి మాట వచ్చే పేజీలో రెండు వరుసలు ఉంటాయి, మూడో వరుస ఉండాల్సిన చోట చుక్కలు ఉంటాయి, చుక్కల కింద ‘మిగిలిన ముక్క దొరకలేదు’ అని ఉంటుంది. దొరకని ఆ ముక్క ఇక్కడికి అరకిలోమీటరు దూరంలో, మనస్విని వాళ్ల ఇంట్లో, బోరు నల్ల పక్కన ఉంది. దాని మీద అమ్మ బట్టలు ఉతుకుతుంది.

గాలి మెల్లగా వస్తోంది. కాగితం అంచు ఒకసారి లేచి మళ్లీ అతుక్కుంది, ఆమె గుండె కూడా లేచి అతుక్కుంది. మసి అద్దిన చోట నలుపు, అక్షరం ఉన్న చోట తెలుపు. రెండు వేల ఏళ్ల కింద ఎవరో ఉలితో కొట్టిన గీతలు, ఇప్పుడు ఒక్కొక్కటే మొహం కడుక్కుని వస్తున్నట్టు కనిపిస్తున్నాయి. ఆ పాత లిపిలో కూడిక గుర్తులా ఉండేది క. గుడిసె కప్పులా ఉండేది గ. నిలబెట్టిన కర్రలా ఉండేది ర. మొదట్లో ఇవి నేర్చుకుంటున్నప్పుడు ఊళ్లో ప్రతిదీ అక్షరమే అయింది ఆమెకు, కరెంటు స్తంభం ర, ట్రాక్టరు ట్రాలీ మీద కప్పిన తాటిపత్రి గ, నోటు పుస్తకంలో తమ్ముడు వేసిన కూడికలన్నీ క క క. పొద్దున మేకలు తోలుకుంటూ పోయిన బీరమ్మ ఇక్కడ ఆగి, “ఏం సారూ, గా రాయికి జరమొచ్చిందా ఏంది, తడిగుడ్డ ఏస్తున్నరు?” అంటే, సారు తల ఎత్తకుండానే, “ఔ బీరమ్మా, రెండు వేల ఏండ్ల సంది ఉన్నది, ఇంక దిగుతలేదు” అన్నారు. ఆయన అట్లాగే మాట్లాడతారు. ఎంత పాత సంగతైనా నిన్న పక్క ఊళ్లో జరిగినట్టు చెబుతారు. కాదు, చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం లేదు. ఆ చెప్పకపోవడానికి కారణం ఎవరో సారుకు తెలియదు, తానే అనుకుంటున్నారు, అదే మనస్వినికి రోజూ అన్నం ముద్ద దగ్గర గుర్తుకొచ్చే విషయం.

మొదటిసారి ఆయన్ని చూసింది తొమ్మిదో తరగతిలో. బడికి ఎవరో పెద్దాయన ఉపన్యాసం ఇవ్వడానికి వస్తున్నారంటే పిల్లలందరూ నిద్రకు సిద్ధమై కూర్చున్నారు. ఆయన మైకు వద్దన్నారు. చేతిసంచిలోంచి ఒక కుండపెంకు తీసి పైకెత్తి పట్టుకున్నారు. “గ్రీకు దేశంల ఏథెన్సని ఒక ఊరుండె. ఆ ఊర్ల ఎవడన్న మస్తు పెద్దమనిషై అందరి నెత్తికెక్కుతున్నడనుకో, ఊరోళ్లంత జమై గిట్ల పెంకు మీద వాని పేరు గీకి కుప్పేసెటోళ్లు. కుప్ప పెద్దగైతె ఇగ అంతే, పదేండ్లు ఊరు ఇడిసి పోవాలె. మన బడిల గిట్ల పెట్టిండ్రనుకో, ఎవరి పేరు గీకుతరు?” పిల్లలంతా ఒక్కసారే పీఈటీ సారు వైపు చూశారు. పీఈటీ సారు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఎవరికీ నిద్ర రాలేదు. రోము రాజుల సంగతి వచ్చింది. “కిరీటం అనుకుంటున్నరా? ఉత్త ఆకుల దండ. బోనానికి యాపమండలు కట్టినట్టు నెత్తికి చుట్టుకునెటోళ్లు.” ఆ దేశపు గొప్పింటి ఆడవాళ్లకు మన దిక్కు సన్నబట్ట అంటే ప్రాణమట. గాలివాటం చూసుకుని ఓడలు సముద్రం దాటి వచ్చేవట, బట్టకూ మిరియాలకూ బదులు బంగారు నాణేలు దిగేవట, ఆ నాణేలు తిరిగి తిరిగి మన నల్లగొండ జిల్లా దాకా వచ్చాయట, ఇక్కడి చేన్లలో కుండల్లో దొరికాయట. సారుది నారాయణపేటలో మగ్గాల ఇల్లు. “మా తాత మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని నేసిన బట్ట రోముకు పోలే గని, తాతకు తాత, వానికి తాత, ఎవడో ఒకడు నేసింది పొయ్యే ఉంటది. రాజు పెండ్లాం ఒంటి మీద మనోళ్ల చెమట ఉన్నది బిడ్డా” అన్నారు. మనస్విని తన యూనిఫాం చున్నీ అంచు పట్టుకుని చూసుకుంది. అంతవరకు చరిత్ర అంటే పరీక్షలో సంవత్సరాలు. ఆ రోజు నుంచి అది దారం.

ఆ దారం పట్టుకునే ఇంటికి పరుగెత్తింది. అదే తప్పయింది. ఇంట్లో ఆమె మాట్లాడేది తక్కువ, “దీనికి నోరు పెట్టుడు దేవుడు మర్సిండు” అని అమ్మ చుట్టాలకు చెప్పి నవ్వేది. ఆ ఏడు వానలు లేక పత్తి సగంలోనే మాడిపోయింది, చేని బోరు ఎండి నోరు తెరిచింది, నాయిన అంజన్న మంచంలో కూర్చుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు, పిలిస్తే ఆఁ అనేవాడు, అంతే. మనస్విని చెప్పడం మొదలుపెట్టగానే తల తిప్పి చూశాడు. నెల తర్వాత అది నాయిన మొదటి చూపు. ఓడలు చెప్పింది, ఆకుల దండలు చెప్పింది, పెంకుల కుప్ప చెప్పింది, నాయిన చూస్తూనే ఉన్నాడు. కుండ దగ్గరికి వచ్చేసరికి ఆ కళ్లు మళ్లీ గోడ వైపు జారుతున్నట్టు అనిపించింది. ఏదో చేను, ఎవరిదో చేను, ఎక్కడో ఒక కుండ అంటే ఏం బాగుంటుంది? అందుకని కుండను జరిపింది. “రాతలున్న రాయి కింద దొరికిందట నాయినా, మన గట్టు మీది రాతలగుండు లేదా, గసొంటి రాయే” అంది. సారు ఆ మాట అనలేదు. అబద్ధం చెబుతున్నానని కూడా ఆమెకు అనిపించలేదు, కథ అటు పోతానంది, పోనిచ్చింది. నాయిన మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఎంత సంతోషం వేసిందంటే, ఆ రాత్రి అది రాయడానికి డైరీలో పేజీన్నర పట్టింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం నాయిన, వెంకన్న మామ గడ్డపారలు పట్టుకుని ఈ రాయి ఉన్న చెలకకు, తమ మెట్టచేనుకు, వచ్చారు. నీళ్ల సీసా పట్టుకుని ఆమె వెనక వచ్చింది. గద్దించి పంపేసి ఉంటే బాగుండేది, పంపలేదు, నాయిన ఆ రోజు ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. తవ్వారు. రాయి ఒక పక్కకు ఒరిగింది. ఒరుగుతూ ఒరుగుతూ కింది బండకు తగిలి అడ్డంగా విరిగింది. ఆ చప్పుడు పెద్దది కాదు, ఎవరో లోపల ఊపిరి పట్టుకున్నట్టు ఒక చిన్న టప్పు. కింద ఎర్రమట్టి, దాని కింద ఒక తేలు. “రోము రాజు తేలును కావలి పెట్టిండురో బావా” అని మామ నవ్వబోయాడు. నాయిన నవ్వలేదు. విరిగిన ముక్క అక్కడే ఉంటే ఎవరన్నా చూస్తారని సాయంత్రం బండి కట్టి ఇంటికి తెచ్చి, రాతలు కిందికి బోర్లించి, నల్ల పక్కన పరిచాడు. ఎన్నాళ్ల నుంచో బండ కావాలని పోరుతున్న అమ్మ భద్రమ్మ, “ఇన్నేండ్లకు నా మాట ఇన్నవు” అని సంబరపడింది. ఆ రోజు డైరీలో మనస్విని ఒక్క వాక్యం రాసింది. ఈరోజు ఎండ బాగా కొట్టింది.

కాగితం మధ్యలో ఇంకా తడి ఉంది. అంచులు తెల్లబడుతున్నాయి. మూడు నెలల తర్వాత, పదో తరగతి మొదలయ్యాక, హెడ్మాస్టరు చెబితే సారు ఈ రాయిని చూడ్డానికి వచ్చిన పొద్దు ఇట్లాగే ఉంది, ఇదే గాలి. విరిగిన అంచు మీద వేలు పెట్టి, “ఇది పాతది కాదు. పచ్చి గాయం” అన్నారు. బయటి నుంచి గుప్తనిధులవాళ్లు వచ్చి పోయారని ఊరు ఊరంతా ఒకే మాట చెప్పింది. “బంగారం ఉంటదని వాళ్లకు ఎవరు చెప్పిండ్రు?” అని అడిగారు సారు. జవాబు కూడా ఆయనే చెప్పారు. “ఇంకెవరు, నేనే. అంగడి అంగడి తిరిగి నేనే చెప్పిన.” ఆ ఆదివారం పేపర్లో ఆయన రాసే శీర్షికలో అదే రాశారు, నా నాలుక ఒక రాయిని తవ్వింది, ఊరివాళ్లు నన్ను మన్నించాలి, అని. ఆ తర్వాత అంగట్లో చింతపండు గుట్టల పక్కన నిలబడి పెంకులు ఎత్తి చూపడం మానేశారు. బడులకు పోవడం మానేశారు. నకిరేకల్ నుంచి పిలుపు వచ్చినా, ఇగ రాసుడే, చెప్పుడు బంద్, అని కబురు పంపారు. ముప్పై ఏళ్లు చెప్పిన మనిషి. మనస్విని ఆ పేపరు ముక్క కత్తిరించి డైరీలో పెట్టుకుంది, తెరిచినప్పుడల్లా అది ముందు జారి పడుతుంది.

అయినా ఈ ఏడాదిన్నర లాంటి కాలం ఆమెకు ముందు లేదు. దానికి ఎవరికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెట్టుకుంటుంది. సారు హెడ్మాస్టరును అడిగింది చదువుల్లో ముందుండే పిల్లను కాదు. “నాకు మాట్లాడని పిల్ల గావాలె సారూ. కాగితం ఆరే గంటసేపు ఊకుండేటోళ్లు గావాలె” అన్నారట. పుట్టినప్పటి నుంచి లోటని అందరూ అన్నది ఒక మనిషికి అక్కర అయింది. ఊకుండుడు గూడ ఒక పనే బిడ్డా, అందరికి చేతగాదు, అన్నారు మొదటి రోజు. ఒక్కసారి కూడా లేచి నిలబడి చెప్పమనలేదు. తప్పు చదివితే ఆయన వేలు ఆ అక్షరం దగ్గరికి పోయి ఊరికే ఆగేది, ఆమె మళ్లీ చూసుకునేది, వేలు ముందుకు కదిలేది. ఆ వేలికి దండం. మసి ఎట్లా నూరాలో, కాగితం ఎంత తడపాలో, బ్రష్షు ఎక్కడ మెల్లగా కొట్టాలో నేర్పిన ఆ వణికే చేతులకు దండం. ఆడపిల్లను ఆదివారాలు గుట్టలెంబడి తిప్పుడేంది అని ఊళ్లో ఒకరిద్దరంటే, “రాళ్ల కాడికే పోతాంది గద, రాళ్లు ఏమంటయి” అని అడ్డం నిలబడ్డ అమ్మకు దండం. నాయినకు కూడా. సారు వచ్చిన ప్రతిసారీ నాయిన రాయి దగ్గరికి రాడు గానీ సజ్జరొట్టె, పల్లీల పచ్చడి కట్టి పంపుతాడు, రొట్టె మెత్తగ చేయి, సారుకు పండ్లు లేవు, అని అమ్మకు చెబుతాడు. అది మర్యాద అనుకుంది చాన్నాళ్లు. మర్యాద అయితే ఒకసారైనా వచ్చి పలకరించేవాడు.

కాలి దగ్గర ఒక కుండపెంకు దొరికింది. ఈ చెలకలో ఎక్కడ గోకినా పెంకులే. దాన్ని బొటనవేలితో తుడిచింది. దీని మీద పేరు గీకాలంటే ఎవరి పేరు? నాయినదా, మామదా? తన పేరే గీకాలి, నాలుగక్షరాలు, పాత లిపిలో గీకినా చదవగలిగేవాళ్లు సారు ఒక్కరే. చెబితే సారు ఇక రమ్మనరు. చెబితే నాయిన మీద కేసు అవుతుంది, పాత రాళ్లు పగలగొడితే జైలని సారే ఒకసారి అన్నారు. చెప్పకపోతే ఏమీ కాదు. చెప్పకపోతే అమ్మ ఉతుకుతూ ఉంటుంది, పుస్తకంలో చుక్కలు ఉంటాయి, సారు ఇట్లాగే కళ్లు మూసుకుని ఉంటారు. ఏమీ కాకపోవడం ఇంత బరువుగా ఉంటుందా? పై రెండు వరుసలు ఆమెకు కంఠతా వచ్చు, దారిన పోయేవాళ్లందరి కోసం ఒక నీళ్లబావి తవ్వించారు అని ఉంది. ఎవరు తవ్వించారో కింద ఉంది. ఎవరో ఒక మనిషి, పేరు చెప్పుకుందామని చెక్కించుకున్న మనిషి, ఏడాది పది నెలలుగా సబ్బునీళ్ల కింద బోర్లా పడి ఉన్నాడు.

గంటల చప్పుడైంది. మేకలు తిరిగి వస్తున్నాయి. మనస్విని లేచి చేతులు చాపి రాయికి అడ్డం నిలబడింది. బీరమ్మ మందను అవతలికి అదిలించి, వచ్చి సారు కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

“సారూ, గా బంగారం కుండ కత ఒక్కపారి చెప్పరాదు? అంగట్ల నువ్వు అవుపడక మస్తు రోజులాయె. చింతపండు కొందామన్న బుద్ధైతలేదు.”

సారు కళ్లు తెరిచారు. “ఆ కత నాకు అచ్చిరాలే బీరమ్మా. ఆ కత చెప్పి ఒక రాయిని చంపిన.”

“అయ్యో, రాయి గూడ సస్తదా?”

“సస్తది. అద్దో, సగం సచ్చి నీ ముంగటనే ఉన్నది.”

ఆయన గొంతులో కోపం లేదు, అదే ఓర్చుకోలేకపోయింది మనస్విని. ఎట్లా మొదలుపెట్టాలో ఏడాదిన్నర నుంచి డైరీలో ఎన్నో రకాలుగా రాసుకుంది, ఒక్కటీ గుర్తు రాలేదు.

“సారూ. మీరు రాయి కింద అని చెప్పలే.”

“ఏంది బిడ్డా?”

“కుండ. మీరు చేన్ల దొరికిందన్నరు. రాయి కింద అని నేను చెప్పిన. ఇంట్ల. నాయినకు. బయటోళ్లు ఎవ్వరు రాలే సారూ. ముక్క మా ఇంట్లనే ఉన్నది.”

బీరమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. తర్వాత గబుక్కున లేచి, “నేనేమి ఇనలే తల్లీ, నాకు ఈ చెవు ఇనపడదు” అని రెండు చెవులూ చూపించుకుంటూ మేకల వెనక పోయింది.

సారు లేచారు. కుర్చీ పట్టుకుని ఒక క్షణం ఆగి, నడిచి వచ్చి, రాయి విరిగిన అంచు మీద చెయ్యి పెట్టారు. ఆయన మొహం ఎర్రబడటం మనస్విని చూడటం అదే మొదటిసారి. “ఏడాదిన్నర” అన్నారు. “ఏడాదిన్నర నా పక్కన కూసున్నవు.” ఆమె తల ఊపింది. క్షమించండి అనాలని కూడా తోచలేదు, ఆ మాట చాలా చిన్నదిగా ఉంది. గాలి ఆగిపోయింది. ఎక్కడో ట్రాక్టరు మొదలై ఆగింది. ఇప్పుడు సంచి సర్దుకుంటారు, ఇప్పుడు స్కూటర్ తిప్పుకుంటారు, అనుకుంది, ఆయన వేలు అంచు వెంట మెల్లగా పోయి ఒకచోట ఆగింది.

“అక్షరాలు పైకున్నయా, కిందికున్నయా?”

“కిందికి.”

“మట్టిలకా?”

“మట్టిలకే సారూ. అమ్మ రెండో దిక్కు ఉతుకుతది.”

ఆయన గట్టు మీద అట్లాగే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని ఆమె వంగింది. ఏడుస్తూనే ఉన్నారు, నవ్వుతూ కూడా ఉన్నారు. “ముప్పై ఏండ్లు ఊరూరు తిరిగి చెప్పిన బిడ్డా. ఒక్కడు మంచం మీదికెల్లి లేవలే. నువ్వు ఒక్కపారి చెప్తె మీ నాయిన గడ్డపార వట్టిండు. గంత బాగ చెప్పినవా?” తిట్టో మెచ్చుకోలో ఆమెకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. “ఇంకోపారి కుండను జరిపితె మాత్రం నీ కాళ్లిరగ్గొడత” అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. ఇంకోసారి అన్నారు. ఆ మాట ఆమె లోపల ఎక్కడో చల్లగా దిగింది, దిగుతూనే ఉంది.

నాయిన టిఫిన్ డబ్బా పట్టుకుని చేను అవతలి గట్టు మీద కనిపించాడు. ఎప్పటిలాగే ఇరవై అడుగుల దూరంలో ఆగి, డబ్బా తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు. సారు, “అంజన్నా, నువ్వే పట్కరా” అన్నారు. నాయిన వచ్చాడు. సారు మొహం చూశాడు, బిడ్డ మొహం చూశాడు. మనస్విని తల దించుకోలేదు, దించితే నాయిన ఒంటరి అయిపోతాడనిపించింది.

“చెప్పిందా?” అన్నాడు.

“చెప్పింది.”

నాయిన డబ్బా గట్టు మీద పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు. “మీరొచ్చినప్పుడల్ల రొట్టె పంపిన గని నోరు రాలే సారూ. పిల్లనేమనకుండ్రి. కేసైతె నా మీద పెట్టుండ్రి.”

“నేను పోలీసోన్ని కాదు, బడిపంతులును. నీ పేరు అడిగెటోళ్లు అడిగిననాడు అడుగుతరు, అప్పుడు నీ పక్కన నేనుంట. ముందుగాల ఆ రాయిని తిప్పాలె. మంగళారం లోపల.”

“తిప్పుదాం.” నాయిన కొంచెం తటపటాయించాడు. “గని ముందు భద్రమ్మకు ఇంకో బండ చూడాలె సారూ. ఉత్తగ లేపుతె ఊకోదు. మీ రాజైనా, రోము రాజైనా, ఆమె ముంగట నడవది.”

ముగ్గురూ కలిసి కాగితాన్ని ఒలిచారు, అంచు పట్టుకోగానే చిరగకుండా మొత్తంగా వచ్చింది, సారు దాన్ని చుట్టి గొట్టంలో పెట్టుకున్నారు. తర్వాత గట్టు పొడుగునా బండ కోసం వెతికారు. ఒకటి పొట్టిదైంది, ఒకటి గరుకుదైంది. చివరికి చేను మూలన ఒక వెడల్పాటి బండ దొరికింది, నున్నగా ఉంది, నాయిన గడ్డపార కోసం అటూ ఇటూ చూసి, మళ్లీ ఏమనుకున్నాడో, చేతులతోనే ఒక పక్క లేపి పట్టాడు. సారు రెండో పక్క పట్టబోతే వద్దని కసిరాడు. “ఆగు ఆగు” అన్నారు సారు, “కింద ఏమన్న రాసున్నదేమో చూడకుండ కదిలియ్యొద్దు.” నాయిన అట్లాగే ఆగాడు, చేతి నరాలు ఉబ్బి. మనస్విని బోర్లా పడుకుని, చీకటిగా ఉన్న ఆ సందులోకి చెయ్యి పోనిచ్చి, అరచేత్తో మెల్లగా, తొందరపడకుండా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తడిమింది. ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

“ఏం లేదు” అంది, గట్టిగానే. “ఉత్త బండే. అమ్మకు పనికొస్తది.”